పందొమ్మిది అడుగుల కుబుసం

కొల్లేరు గట్టు,
జూన్ 12.

వదినగారికి ఎలీషా వందనములు.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని మీరు కోప్పడతారని తెలుసు. ఇక్కడ పనివాళ్ల ఫోన్లన్నీ గేటు దగ్గర పెట్టించేస్తారు. ఆదివారం చర్చికి వెళ్లేటప్పుడు ఇస్తారు గానీ, తిరిగొచ్చాక ఎవరికి చేశామో చూసి రాసుకుంటారు. చేపల మేతకి తవుడు తెచ్చే లారీ నడిపే హెన్రీ మన సంఘం వాడే. మీ తాడేపల్లిగూడెం మిల్లులకి పదిరోజులకోసారి వస్తుంటాడు. అతని చేత ఇది పంపుతున్నాను. జవాబు కూడా అతనికే ఇవ్వండి.

సంగతేమిటంటే, చేపల చెరువుల పనే అనుకుని ఇక్కడ చేరాను. తీరా చూస్తే మా యజమాని దుర్గారాజు గారు గెస్ట్‌హౌస్ వెనక ఒక పాముని పెంచుతున్నారు. మన కొండచిలువ కాదు వదినగారూ, అనకొండ. ఆరేళ్ల కిందట బొటనవేలంత లావున ఉండగా తెచ్చారట. కాగితాల్లో పసుపు అనకొండ, మగది అని రాసుంది. చేపపిల్లల్ని ఉంచే సిమెంటు తొట్టిలోనే ఇన్నాళ్లూ ఉంచారు. తాడు పెట్టి కొలిస్తే పదడుగుల మీద జానెడు వచ్చింది. ఇప్పుడు అద్దాల షెడ్డు కట్టించి, లోపల చిన్న మడుగు పెట్టించి అందులోకి మార్చారు, వచ్చిన పెద్దమనుషులకి చూపించడానికి. దాని బాధ్యత నాకు అప్పగించారు. నా ముందు చూసినవాడు చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాడు.

"ఇంకేం ఎదగదండి. తొట్టిలో పెరిగిన పిల్ల కదా, అక్కడితో ఆగిపోయింది" అంటారు రాజు గారు. నాకూ నిజమే అనిపిస్తుంది. ఇరుకు చెరువులో చేప ఎదగదు కదా. కానీ అది ఏ మూలనుందో అద్దంలోంచి చూసుకోనిదే షెడ్డు తలుపు తియ్యలేకపోతున్నాను. మీరు ముప్పయ్యేళ్లు కాలేజీలో జువాలజీ చెప్పారు. ఇవి పెంపకంలో ఎంతవరకూ ఎదుగుతాయో రాయండి. మళ్లీ పని వదిలేసి వచ్చానని మీ చేత అనిపించుకోవడం నాకిష్టం లేదు.

ప్రీతి, పాప షారోన్ ఏలూరులో మా అత్తగారింట్లో క్షేమం. షారోన్‌కి మాటలు బాగా వస్తున్నాయి.

మీ మరిది,
ఎలీషా.


తాడేపల్లిగూడెం,
జూన్ 22.

ఎలీషాకి వదిన దీవెనలు.

మీ అన్న పోయాక ఈ ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నా నాకు భయమంటే ఏమిటో తెలియదు. నీ ఉత్తరం చదివి మాత్రం పట్టపగలు లేచి పెరటి తలుపు గడియ పెట్టి వచ్చాను. తర్వాత నవ్వుకున్నాననుకో.

పాఠం చెప్పమన్నావు కనుక చెబుతున్నాను. అనకొండల్లో ముఖ్యంగా నాలుగు రకాలని మేం చెప్పేవాళ్లం. పసుపుది పెంపకంలో మగదైతే ఏడెనిమిది అడుగులు, ఆడదైతే పది, పన్నెండు. అంతకు మించడం అరుదు. నల్లమచ్చలది ఇంకా చిన్నది. బొలీవియాలో దొరికే రకం ఒకటుంది, అది పసుపుదానికి అటూ ఇటూగా ఉంటుందంటారు, పెంచినవాళ్లు తక్కువ. భయపడవలసింది నాలుగోదానికి, ఆకుపచ్చ అనకొండకి. అందులో మగది పదడుగుల దగ్గర ఆగుతుంది. ఆడది పదమూడు, పదిహేను సులువుగా వస్తుంది. బాగా మేపితే పదిహేడు కూడా. బరువు ధాన్యం బస్తాకు తక్కువ ఉండదు. ముప్పై అడుగులన్న కథలు నమ్మకు, టేపు పెట్టి కొలిచినవాళ్లెవరూ లేరు.

చేపకీ పాముకీ ముడిపెట్టకు. తొట్టి చిన్నదని పాము ఆగదు. మేత లేక ఆగుతుంది. ఒంటి రంగు, మచ్చలు, కంటి వెనక చార ఎలా ఉన్నాయో చూసి రాయి. ఏం పెడుతున్నారో కూడా రాయి.

రెండేళ్లలో నాలుగు పనులు మారావు. ఈసారైనా నిలబడు. పిల్లను మాత్రం ఆ గట్టు మీదికి తీసుకెళ్లావంటే నేను ఊరుకోను. నా మోకాలి ఆపరేషన్ ఆగస్టులో.

గ్రేస్.


కొల్లేరు గట్టు,
నవంబరు 20.

వదినగారికి వందనములు.

మోకాలు నొప్పి తగ్గిందా? రాలేకపోయినందుకు క్షమించండి. ఆ నెలంతా పెద్ద చెరువుల్లో చేపల పట్టుబడి, ఊపిరాడలేదు.

మీరడిగినవన్నీ దగ్గర నుంచి చూశాను. ఒళ్లు పసుపు కాదు. పాచి పట్టిన చెరువు నీళ్ల రంగు. వీపు మీద కోడిగుడ్డంత నల్లమచ్చలు. పక్కల మీది మచ్చల్లో మాత్రం మధ్యన పసుపు. కంటి వెనక నారింజ రంగు చార.

తొట్టిలో ఉన్నప్పుడు నెలకో కోడి వేసేవారట, మరిచిపోతే అదీ లేదు. ఇప్పుడు వారానికి రెండు బాతులు. ఇది రాజు గారి ఆజ్ఞే గానీ, ఆలోచన నాది. మనవాళ్లు చేపపిల్లల్ని ఏడాదిపాటు ఇరుకు చెరువులో అరకొర మేతతో ఆపి ఉంచుతారు కదా, తర్వాత పెద్ద చెరువులో వదిలి మేత వేస్తే అవి ఎలా ఎదుగుతాయో మీరు చూశారు. ఇదీ అలా ఆపిన పిల్లే కదండీ అని మాటవరసకి అన్నాను. ఆయన వెంటనే, "అయితే వెయ్యండి మేత" అన్నారు. ఇప్పుడు పన్నెండడుగులు దాటింది.

హైదరాబాద్ నుంచి ఎవరొచ్చినా నన్ను పిలిచి, "మా ఎలీషా గారి పెంపకమండీ ఇది" అని చూపిస్తున్నారు. ఇన్నేళ్లలో నన్నెవరూ నలుగురిలో అలా అనలేదు. భయం కూడా కాస్త తగ్గింది. అది నన్ను గుర్తుపడుతోంది. నేను తలుపు తియ్యగానే తలెత్తి నా దగ్గరికి వస్తుంది.

మీ మరిది,
ఎలీషా.


తాడేపల్లిగూడెం,
నవంబరు 29.

ఎలీషా,

అది నిన్ను గుర్తుపట్టడం లేదు. బాతుని గుర్తుపడుతోంది. నువ్వు బాతు వాసనతో వెళుతున్నావు కనుక నీ దగ్గరికి వస్తోంది. ఇది నీకు అర్థమైందని రెండో వాక్యంలోనే రాయాలి నువ్వు, ఈసారి ఉత్తరంలో.

నువ్వు చెప్పిన మచ్చలూ చారా ఆకుపచ్చ అనకొండవి. కాగితాలు తప్పు. పన్నెండడుగులు దాటిందంటే ఆడది అయి ఉండాలి. ఆరేళ్లు ఆకలితో ఆగిన దానికి నువ్వు తలుపు తెరిచావు. నిన్ను మెచ్చుకున్న మనిషి దాని నోటి ముందుకి ఒక్కసారైనా వెళ్లాడా? కోపంతో కాదు, అడుగుతున్నాను.

ఇవి గోడకి రాసి పెట్టుకో. ఒంటరిగా లోపలికి వెళ్లకు, ఇద్దరుండాలి. బాతుల్ని ముట్టిన బట్టలతో వెళ్లకు. అది చుట్టుకుంటే తల దగ్గర లాగితే రాదు, తోక దగ్గర నుంచి విప్పాలి. మేత మెల్లగా సగానికి తగ్గించు. అంతేగానీ ఒక్కసారిగా మానెయ్యకు. ఆకలేసిన పాము ఏది కదిలితే దాన్ని పట్టుకుంటుంది.

గ్రేస్.


కొల్లేరు గట్టు,
జూన్ 8.

వదినగారికి వందనములు.

మీరు రాయమన్నట్టే రాస్తున్నాను. అది గుర్తుపట్టేది బాతునే, నన్ను కాదు. నాకు ఇప్పుడు తెలిసింది.

మేత తగ్గిద్దామంటే రాజు గారు వినలేదు. బాతులు చాలక ఉగాది నుంచి మేకపిల్లల్ని తెప్పిస్తున్నారు. మొన్న కుబుసం విడిచింది. చిరగకుండా ఒకే ముక్కగా వచ్చింది. నేను కొలవబోతే, "ఎందుకండి, తెలిస్తే మీకే భయం" అని నవ్వారు. పారేస్తానని చెప్పి తవుడు గోనెలో పెట్టి హెన్రీ చేత మీకు పంపుతున్నాను. మీరు కొలిచి నిజం రాయండి.

ఈ మధ్య దాని తీరు మారింది. ఇదివరకు మనిషి వస్తే మొహం వైపు తలెత్తేది. ఇప్పుడు అద్దానికి ముక్కు ఆనించి కిందికి చూస్తోంది, నా మోకాళ్ల ఎత్తున. గంటలు గంటలు అలాగే ఉంటుంది.

ప్రీతి ఫోన్ పాడైంది, మీరు చేసినా కలవదు. వాళ్లిద్దరూ ఏలూరులో బాగున్నారు.

ఎలీషా.


తాడేపల్లిగూడెం,
జూలై 2.

ఎలీషా,

గోనె విప్పి కుబుసాన్ని హాల్లో పరిచాను. తల వీధి గుమ్మం దగ్గర పెడితే హాలూ వంటగదీ దాటి తోక పెరట్లోకి వెళ్లింది. పక్కింటి రమ్యశ్రీ టేపు రెండో కొస పట్టుకుంది. రెండుసార్లు జారవిడిచింది. పందొమ్మిది అడుగుల రెండు అంగుళాలు.

విడిచేటప్పుడు కుబుసం సాగుతుంది. అది తీసేస్తే పాము పదిహేనుకి పైన, పదహారుకి అటూ ఇటూ ఉంటుంది. నేను ముప్పయ్యేళ్లు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పిన అంకె ఇది. నా వంటింట్లో పరుచుకుని ఉంటే ఆ రోజు అన్నం తినలేకపోయాను.

పని వదిలెయ్. నేనే చెబుతున్నాను. ఎందుకు వదిలావని ఒక్క మాట అనను, ఎవరినీ అననివ్వను. వచ్చి ఇక్కడ ఉండు. ఆ పాము సంగతి చూసేవాళ్లు చూస్తారు.

గ్రేస్.


కొల్లేరు గట్టు,
ఆగస్టు 10.

వదినగారికి,

రావాలనే అనుకున్నాను. ఇంతలో ఇంకో గొడవ వచ్చిపడింది. ఏలూరులో మూగజీవుల రక్షక సంఘం అని ఒకటుందట. దానికి ఎవరో అర్జీ పెట్టారు. సంఘంలోనే ఒకాయన, వాళ్లు ఎప్పుడొస్తారో రాజు గారికి ముందుగా చెప్పేశాడు. వచ్చేసరికి అద్దాల షెడ్డులో పిట్టల పంజరాలు వేలాడుతున్నాయి. కాఫీలు తాగి, పిట్టలు బాగున్నాయని చెప్పి వెళ్లిపోయారు.

పాముని అంతకు ముందురోజే ఎనిమిది మందిమి చేపలు పట్టే పెద్ద వలలో వేసి మళ్లీ పాత తొట్టిలోకి చేర్చాం. పైన వల కట్టాం. మేత పూర్తిగా ఆపేశాం. ఆరేళ్లు తొట్టీ ఆకలీ కలిసే కదా దాన్ని చిన్నగా ఉంచాయి, మళ్లీ ఆపితే మళ్లీ మెత్తబడుతుందని రాజు గారి మాట. నేనూ అలాగే అనుకుంటున్నాను. మీరు ఒక్కసారిగా మానొద్దన్నది గుర్తుంది గానీ, తొట్టిలో ఉండగా అదేం చెయ్యగలదు?

ఇప్పుడు ఇక్కడ నా భయం పాము గురించి కాదు. అర్జీ ఎవరు పెట్టారని ఒక్కొక్కరినీ పిలుస్తున్నారు. రాజు గారు అరవరు. కుర్చీ వేయించి, టీ ఇప్పించి, "మీకేమైనా తెలుసాండీ?" అని అడుగుతారు. టీ తాగేదాకా అలా చూస్తూ కూర్చుంటారు. ఈ పరిస్థితుల్లో పని వదిలితే నేనే అనుకుంటారు.

ఎలీషా.


తాడేపల్లిగూడెం,
ఆగస్టు 20.

ఎలీషా,

ఆపిన చేపపిల్ల చిన్నగా ఉంటుంది, సరే. ఎదిగిన చేపను తీసుకెళ్లి ఇరుకు చెరువులో వేస్తే అది మళ్లీ పిల్లవుతుందా? చెరువుల మీద పుట్టి పెరిగినవాడివి, నువ్వే చెప్పు. అది ఇప్పుడు ఎదిగిన పాము, ఆకలితో ఉన్న పాము. తిండి లేకుండా నెలలు బతకగలదు. బతికినన్నాళ్లూ వెతుకుతుంది.

రెండు ప్రశ్నలు అడుగుతాను, తప్పించుకోకుండా జవాబు రాయి. మొదటిది, ఆ తొట్టి ఎక్కడుంది?

రెండోది, జూన్‌లో అది కిందికి చూస్తోందని రాశావు. ఎవరిని చూస్తోంది? నీ మోకాళ్ల ఎత్తున ఎవరుంటారు అక్కడ? ఆ మాట నన్ను రెండు నెలలుగా తినేస్తుంటే, నిన్న మీ అత్తగారు సత్యవతి గారికి ఫోన్ చేశాను. "మే నెలలోనే ప్రీతి పాపని తీసుకుని అక్కడికి వెళ్లిపోయిందండీ. మా అబ్బాయి పెళ్లయ్యాక ఇంట్లో చోటు లేక. మీకు చెప్పలేదాండీ?" అన్నారు.

మీ గేటు నంబరుకి మూడుసార్లు చేశాను. "పనిలో ఉన్నాడండి" అని పెట్టేశారు.

ఎలీషా, పాప ఎక్కడుంది?

గ్రేస్.


కొల్లేరు గట్టు,
ఆగస్టు 30.

వదినగారికి,

పాప ఇక్కడే ఉంది. మీరు వద్దన్న చోటికే తీసుకొచ్చాను. చెబితే ఏమంటారో తెలుసు కనుక చెప్పలేదు. ప్రీతి వంటశాలలో పనిచేస్తోంది. మాకొక పక్కా గది ఇచ్చారు, పైన రేకులు కాదు, శ్లాబు. ప్రీతి ఎంత సంతోషించిందో.

తొట్టి మా గది పక్కనే ఉంది. పాతది బీటలు వారిందని ఇందులో పెట్టారు. గుమ్మం నుంచి పన్నెండు అడుగులేస్తే తొట్టి.

మొదట్లో అడుగున కదలకుండా పడుకునేది. వారం నుంచి మధ్యాహ్నాలు తల పెట్టి వలని ఎత్తుతోంది. నెమ్మదిగా ఎత్తి, ఆగి, ఇంకో చోట ఎత్తుతుంది. రోజుకో ముడి వదులవుతోంది, రోజూ బిగిస్తున్నాను. షారోన్ దాన్ని పెద్ద చేప అంటుంది. నేను చూడనప్పుడు గుప్పెడు తవుడు తీసుకెళ్లి తొట్టి దగ్గర నించుంటోందని ప్రీతి చెప్పింది. అప్పటి నుంచి తలుపు గడియ వేసి ఉంచుతున్నాం. నిన్న పాప, "నాన్నా, చేపకి ఆకలేస్తంది" అంది. "ఏమీ లేదమ్మా, అది ఏమీ చెయ్యదు" అని చెప్పాను.

వంటశాలలో రెండో ఆవిడ శ్రీదుర్గ గారు సెలవు మీద వెళ్లారు. ఆవిడ రాగానే ప్రీతినీ పాపనీ పంపించేస్తాను. రెండు వారాలు. అంతే వదినగారూ, రెండు వారాలు ఓర్చుకోండి.

ఎలీషా.


తాడేపల్లిగూడెం,
సెప్టెంబరు 1.

ఎలీషా,

రెండు వారాలు కాదు, రెండు గంటలు కూడా వద్దు. హెన్రీని బతిమాలి ఖాళీ లారీతో వెనక్కి పంపుతున్నాను. ఈ లారీలోనే ప్రీతినీ పాపనీ ఎక్కించు. బట్టలు సర్దొద్దు. ఎవరినీ అడగొద్దు. నేను నడవగలిగితే ఈ ఉత్తరం బదులు నేనే వచ్చేదాన్ని.

బుడమేరు నీళ్లు కొల్లేరులోకి వస్తున్నాయని టీవీలో చెబుతున్నారు. తొట్టిలో నీళ్లు అంచుకు వస్తే నీ వల దేనికీ పనికిరాదు. నేల మీద అది బరువు. నీళ్లలో దానికి బరువే ఉండదు. వెంటనే వెళ్లు.

గ్రేస్.


ఏలూరు, ఆసుపత్రి,
సెప్టెంబరు 6.

వదినగారికి,

పాప మీ ఇంటికి చేరిందని హెన్రీ చెప్పాడు. ప్రీతి ఎవరితోనూ మాట్లాడటం లేదని కూడా చెప్పాడు. అందుకని నేనే రాస్తున్నాను. నా ఎడమ చెయ్యి మోచేతి కింద రెండుచోట్ల విరిగింది. రాసే చెయ్యి బాగానే ఉంది.

మంగళవారానికి వాన మూడో రోజు. మధ్యాహ్నం భోజనాల వేళ ప్రీతి వంటశాలలో ఉంది. పాప మంచం మీద నిద్రపోతోంది. హెన్రీ గేటు దగ్గరికి వచ్చాడని కబురొస్తే, ఒక్క నిమిషమే కదా అని తలుపు దగ్గరగా వేసి వెళ్లాను, గడియ పెట్టలేదు. నీళ్లకి లారీ రోడ్డు మీదే ఆగిపోతే అతను మోకాలి లోతులో నడిచి వచ్చాడు. మీ ఉత్తరం అక్కడే నించుని చదివాను. తొట్టిలో నీళ్లు అంచుకు వస్తే అన్నచోట ఆపేసి పరిగెత్తాను. హెన్రీ ఎందుకో తెలియకుండానే నా వెనక పరిగెత్తాడు.

తొట్టి నిండి పొర్లుతోంది. ఒక పక్క ముడి ఊడిపోయి వల నీళ్ల మీద తేలుతోంది. కింద ఏమీ లేదు. తొట్టి నుంచి మా గుమ్మం దాకా బురదలో ఒక చాలు, నిండు బస్తాని ఈడ్చినట్టు. తలుపు తెరిచి ఉంది.

పాప మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఏడవడం లేదు. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టుకుంది. "నాన్నా, చేప లోపలికొచ్చేసింది" అంది, గాలి మాత్రం వచ్చేంత చిన్నగా. మంచం కింద ఖాళీ అన్నది లేదు వదినగారూ. అంతా అదే. తల మాత్రం మంచం కోడు పక్క నుంచి పైకి వచ్చి దుప్పటి మీద ఆనించి ఉంది. దానికీ పాప పాదానికీ మధ్య జానెడు కూడా లేదు.

ఏది కదిలితే దాన్ని పట్టుకుంటుందని మీరు రాశారు. "కదలకమ్మా" అన్నాను. నేను కదిలాను. గుమ్మంలో ఉన్న గోనెపట్టా ఎడమచేతికి చుట్టుకుని దాని మొహం ముందు ఊపాను. అది ఎప్పుడు వచ్చిందో చూడలేదు. చెయ్యి అందులో ఉంది, నేను నేల మీద ఉన్నాను, అంతే తెలుసు. హెన్రీ నన్ను దాటుకుని వెళ్లి పాపని ఎత్తి బయటికి తీసుకెళ్లాడు. ఆ తర్వాత ఊపిరి పీల్చుకోలేకపోయాను. ప్రీతి వచ్చింది. మీరు రాసిన కాగితం మా గోడ మీదే ఉంది, రోజూ చదివేది. తలవైపు చూడనైనా చూడకుండా తోక పట్టుకుని ఒక్కో చుట్టే విప్పింది. హెన్రీ తిరిగొచ్చి తోడుపట్టాడు. ప్రీతి విప్పింది వదినగారూ. ఇంట్లో ఎలుక కనిపిస్తే మంచమెక్కే మనిషి.

సాయంత్రానికి అటవీశాఖ వాళ్లు పడవ మీద వచ్చి పట్టుకెళ్లారు. పదహారడుగుల నాలుగు అంగుళాలు. అరవై రెండు కిలోలు. అదీ మేత లేక చిక్కిన తర్వాత. రాజు గారిని స్టేషనుకి పిలిచారని విన్నాను.

ఎలీషా.


తాడేపల్లిగూడెం,
సెప్టెంబరు 9.

ఎలీషా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి చదివే ముందు నీకొక మాట చెప్పాలి. ఆ అర్జీ రాసింది నేను.

జూలైలో కుబుసం కొలిచిన సాయంత్రమే రాశాను. పేరు పెట్టలేదు. పొడవు మాత్రం అంగుళాలతో సహా రాశాను, నమ్ముతారని. నీకు చెబితే నీ మొహం చూసి ఆయన కనిపెడతాడని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి, చెబితే నువ్వు వద్దంటావని. నేను ఆ కాగితం రాయకపోతే అది అద్దాల షెడ్డులోనే ఉండేది. నీ గుమ్మం దగ్గరికి దాన్ని తెచ్చింది నేనే. పాప అక్కడ ఉందని తెలిస్తే రాసేదాన్ని కాదు. నువ్వెందుకు దాచావో కూడా నాకు తెలుసు, నా నోటికి జడిసి. నలభయ్యేళ్ల మనిషిని, ఒక బిడ్డ తండ్రిని, నా నోటికి జడిసేలా చేశాను. నాకు చాలా సిగ్గుగా ఉంది. భయంగా కూడా ఉంది, జరగనిదాని గురించి.

ప్రీతి నిన్నటి నుంచి కాస్త అన్నం తింటోంది. పాప మాత్రం మంచం దిగడం లేదు. అన్నం మంచం మీదే, ఆట మంచం మీదే. బాత్రూముకి కూడా ఎత్తుకుని తీసుకెళ్లాలి. కింద ఏమీ లేదే తల్లీ అని రోజుకి వందసార్లు చెబుతున్నాను. నా మొహంలోకి చూసి కాళ్లు ముడుచుకుంటుంది. దీనికేం చెయ్యాలో ఏ పుస్తకంలోనూ చదవలేదు.

నన్ను ఏమన్నా అను, పడతాను.

గ్రేస్.


ఏలూరు, ఆసుపత్రి,
సెప్టెంబరు 13.

వదినగారికి ఎలీషా వందనములు.

అర్జీ మీరు రాసిందేనని నాకు ఆగస్టులోనే తెలుసు. పాముని పాత తొట్టిలోకి చేర్చాక రాజు గారు నన్ను కూడా కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇప్పించారు. అర్జీ ఫోటో ఆయన ఫోన్‌లో ఉంది. "ఈ రాత ఎవరిదోనండీ ఎలీషా గారూ?" అని నా ముందు పెట్టారు. నాకు పలక మీద అక్షరాలు దిద్దించిన చేతిరాత నాకు తెలియదా? "తెలియదండి" అన్నాను. ఫోన్ జేబులో పెట్టుకున్నారు. "సరేలెండి. తెలిసేదాకా దాన్ని మీ గది పక్క తొట్టిలో ఉంచుదాం. మీ పాప కూడా ఉందిగా, దానికీ తోడు" అన్నారు.

పాత తొట్టి బీటలు వారిందని మీకు రాసింది అబద్ధం. అది గెస్ట్‌హౌస్ అవతల, మనుషులు మసలని చోట బాగానే ఉంది. మీ పేరు చెప్పి ఉంటే పాముని అందులోనే ఉంచేవారు. చెప్పలేదు. ఆ పూట నాకు మీ గురించే భయం వేసింది, పాప గురించి వెయ్యలేదు. వల గట్టిదనుకున్నాను. ఇప్పుడు మళ్లీ అడిగితే ఏం చెబుతానో నాకే తెలియదు. కనుక మిమ్మల్ని నేను ఏమీ అనలేను.

డాక్టరు గారు ఇంకో పది రోజులు ఉండాలన్నారు. వేళ్లలో రెండు కదులుతున్నాయి, మూడు ఇంకా కదలడం లేదు.

పాప సంగతి ఒకటి చెబుతాను. కింద ఏమీ లేదని మీరు నించుని చెప్పకండి. రమ్యశ్రీ గారినో, ప్రీతినో టార్చిలైటు పట్టుకుని మంచం కింద నాలుగు మూలలా చూడమనండి. పాప చూస్తుండగా చూడాలి. చూశాకే చెప్పాలి. రోజుకి ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లూ అలాగే చెయ్యాలి. నేను దానికి రోజూ ఏమీ లేదమ్మా అని చెప్పేవాణ్ణి వదినగారూ. ఒక్కరోజు కూడా చూసి చెప్పలేదు.

మీ మరిది,
ఎలీషా.